వెనక అద్దానికి నలుపు

మే 21

ఈ డైరీ కొన్నది ట్యాంకు కోసం. నీళ్ళ వేడి ఎంత, ఉప్పు ఎంత అని రోజూ రాసుకోమని అక్వేరియం దుకాణదారు చెప్పాడు. అంతకు మించి ఇందులో రాయడానికేమీ లేదు.

ఇవాళ మేస్త్రీ వచ్చి హాలుకీ పాప గదికీ మధ్య గోడ కొట్టాడు. ట్యాంకు సరిగ్గా ఇమిడేంత కంత. "గోడకి కన్నం పడితే పూడ్చమని పిలుస్తారు సార్. బాగున్న గోడకి కన్నం పెట్టమన్నవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా," అన్నాడు. నవ్వేశాను. చేపలు రెండు వైపుల నుంచీ కనిపించాలని చెప్పాను. హాల్లో కూర్చున్నవాళ్ళకీ, గదిలో పడుకున్నవాళ్ళకీ. అబద్ధమేమీ కాదు కదా.

బడిలో పాఠాలు చెప్పే మా ఆవిడ, వేసవి సెలవులైనా అక్కడేదో పనుండి వెళ్ళి వచ్చి, భుజాన సంచి దించకుండానే ఆ కంత ముందు నిలబడింది. అక్కడి నుంచి చూస్తే పాప మంచం, తలగడ, మంచం పక్క స్టూలు, కిటికీ తెర, అన్నీ కనిపిస్తున్నాయి.

"చేపల కోసమేనా?" అంది.

"మరి దేనికోసం?"

సంచితోనే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మే 24

పాప ఉద్యోగం చేసే ఊళ్ళో, అద్దె గదిలో ఒక చిన్న ట్యాంకు పెట్టుకునేది. ఉప్పునీళ్ళు, పగడాలు, రెండు చేపలు. తను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చూసేవాళ్ళు లేక అన్నీ పోయాయి. గదిలో ఉండే స్నేహితురాలు ఒక్క రాయిని మాత్రం బకెట్లో పెట్టి మాకు అప్పగించింది. దానిమీద గుండీల్లాంటి పగడాలు నాలుగైదు, ముడుచుకుని ఉన్నాయి.

పాప ఆసుపత్రికి ఎందుకు వెళ్ళిందో ఇక్కడ రాయను. అక్కడి కాగితాల్లో రాశారు, అది చాలు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ చెప్పినవి మూడు. గది తలుపుకి లోపలి గడియ ఉండకూడదు. మందులు పెద్దవాళ్ళ దగ్గరే ఉండాలి. చూసుకోవడానికి ఏదైనా ఇష్టమైన పని ఉండాలి. గడియ నేను ఊడదీశాను. మందులు మా ఆవిడ బీరువాలో ఉన్నాయి. ఇష్టమైన పని ట్యాంకు.

ఇవాళ నీళ్ళు నింపాం. పాప మోచేతుల దాకా తడుపుకుని ఉప్పు కలిపింది. ఆసుపత్రి నుంచి వచ్చాక తను ఒక పనిని మొదలుపెట్టి చివరిదాకా చేయడం ఇదే మొదటిసారి. రాయిని ట్యాంకు మధ్యలో నిలబెట్టి, గది వైపు నుంచీ ఒకసారి, హాలు వైపు నుంచీ ఒకసారి వంగి చూసింది.

"వెనకాల ఏం పెడదాం నాన్నా?" అంది.

"వెనకాల ఏంటి?"

"బ్యాక్‌గ్రౌండు. నా గది వైపు అద్దానికి. నలుపో, నీలమో. అది లేకపోతే సముద్రంలా ఉండదు, నా మంచం ముందు చేపలు తిరుగుతున్నట్టుంటుంది."

"చూద్దాం," అన్నాను.

మే 27

పాప ఇవాళ కంచంలో ఏమీ వదల్లేదు.

జూన్ 8

నీళ్ళు చేపలకి అనువుగా తయారయ్యాయని దుకాణదారు చెప్పాక చేపలు తెచ్చాం. నారింజ రంగువి రెండు, జంట. ఇంకోటి వేలంత పొడవుది. ముందు సగం తెల్లగా, వెనక సగం ఎర్రగా, వీపు మీద పొడుగాటి రెక్క నిలబెట్టుకుని. టోపీలో ఈక గుచ్చుకున్నట్టు ఉందని పాప దానికి దొరసాని అని పేరు పెట్టింది. బెదిరితే ఎగిరి బయట పడుతుందట. అందుకని పైన వల మూత బిగించాం.

రాయి మీది పగడాల్లో రెండు విచ్చుకున్నాయి. పాప నన్ను పిలిచి చూపించింది. నేను చూశాను. పాప చెంపల మీద కాస్త కండ వచ్చింది.

జూన్ 12

మధ్యాహ్నం నీళ్ళ వేడి చూడడానికి ఇంటికి వచ్చాను. ఈమధ్య రోజూ వస్తున్నాను. వేసవిలో నీళ్ళు వేడెక్కితే పగడాలకి మంచిది కాదు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపేవాడికి మధ్యాహ్నం ఎలాగూ గిరాకీ ఉండదు.

వేడి సరిగ్గానే ఉంది. పాప పుస్తకం చదువుతోంది. పేజీ తిప్పేదాకా నిలబడి, తిరిగి వెళ్ళాను.

జూన్ 15

పాప మళ్ళీ బ్యాక్‌గ్రౌండు మాట ఎత్తింది. అక్వేరియం దుకాణానికి వెళ్ళాను.

దుకాణదారు రకరకాల షీట్లు బల్ల మీద పరిచాడు. "నలుపు పెట్టండి సార్. రంగులు లేచొస్తాయి, నాచు పట్టినా కనబడదు. నీలమైతే లోతుగా ఉన్నట్టుంటుంది, కానీ గీత పడితే తెలిసిపోతుంది. ఈ పగడాల ఫోటో షీటు మాత్రం వద్దు. నిజం పగడాల వెనక అబద్ధం పగడాలు ఎందుకు?"

"అసలేమీ పెట్టకపోతే?"

"పెట్టనివాళ్ళూ ఉన్నారు. కానీ చేపకి ఒక వైపన్నా మూసి ఉంటే నిబ్బరంగా ఉంటుంది. మీది గోడలో పెట్టారు కదా, అవతల ఏ గది?"

"మా అమ్మాయిది."

"అయితే ఆలోచించడానికేముంది సార్! వచ్చేపోయేవాళ్ళందరికీ అమ్మాయి గది కనబడితే ఎలా?"

మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను. పాపకి స్టాక్ లేదని చెప్పాను.

జూన్ 19

స్టాక్ ఇంకా రాలేదని చెప్పాను.

జూన్ 23

దొరసాని రాయి వెనక నుంచి బయటికి రావడం లేదు. తిండి వేసినా ఒక్కసారి తల బయటపెట్టి, హాల్లో నేను కదిలితే లోపలికి, గదిలో పాప కదిలితే మళ్ళీ లోపలికి.

"దానికి ఎటు చూసినా మనుషులే నాన్నా," అంది పాప. "వీపు ఆనించుకోవడానికి చోటు లేదు."

అలవాటు పడుతుందిలే అన్నాను.

జూన్ 28

మంచి ఉపాయం తట్టింది. మసక ఫిల్ము. స్నానాల గది అద్దాలకి అంటిస్తారే, అది. వెలుతురు వస్తుంది, మనిషి స్పష్టంగా కనబడడు, చేపకి అడ్డూ ఉంటుంది. ముక్క కోయించుకుని తెచ్చాను.

పాప దాన్ని అద్దానికి ఆనించి పట్టుకుని, నన్ను హాల్లోకి వెళ్ళి చూడమంది.

"నేను కనిపిస్తున్నానా?"

"లేదు."

"ఇప్పుడు చెయ్యి ఎత్తాను. ఏ చెయ్యి?"

"ఎడమ," అన్నాను. నోరు జారింది.

పాప ఫిల్మును చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి నా చేతిలో పెట్టింది. కోప్పడలేదు. "నలుపు తీసుకురా నాన్నా. స్టాక్ వచ్చినప్పుడు," అంది.

దుకాణంలో రోజంతా నా పని జనాన్ని అడగడమే. ఈ అద్దంలో బాగా కనిపిస్తోందా, ఇందులోనా? ఇవాళ ఒక పెద్దాయన, "రెండూ ఒకటేలా ఉన్నాయి బాబూ, నువ్వు ఏది చెబితే అది," అన్నాడు. నేను చెప్పకూడదండీ, మీకు ఎలా ఉందో మీరే చెప్పాలి అన్నాను.

జూలై 3

నీళ్ళ వేడి సరిగ్గా ఉంది. ఉప్పు సరిగ్గా ఉంది. పాప పొద్దున అటు తిరిగి పడుకుని చాలాసేపు కదల్లేదు. దుకాణం తీయడం ఆలస్యమైంది.

జూలై 12

రాయకూడదనుకున్నాను. రాస్తే గాని ఊపిరాడేలా లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మంచం మీద పాప లేదు. ట్యాంకులోంచి చూస్తే గది ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. ఆ మడత తప్ప ఇంకేమీ కనబడలేదు. తలుపు పక్కనే ఉంది, తోస్తే తెరుచుకుంటుంది. నాకు ఆ ధ్యాసే లేదు. ముఖం అద్దానికి ఆనించి, అరచేత్తో అద్దాన్ని దబదబా బాదుతూ "పాపా! పాపా!" అని అరిచాను.

పాప అక్కడే ఉంది. ట్యాంకు కిందే, నేల మీద గొంతుక్కూర్చుని పైపుతో బకెట్లోకి నీళ్ళు తీస్తోంది. అందుకే వల మూత తీసి పక్కన పెట్టింది.

దొరసాని ఎగిరింది. నా కళ్ళ ముందు నుంచి ఎర్రటి గీతలా పైకి లేచి, గది వైపు నేల మీద పడింది.

నేను వెళ్ళేసరికి పాప దాన్ని తడి అరచేతుల్లోకి తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదులుతోంది. అది పక్కకు ఒరిగి కాసేపు మూతి ఆడించింది. సాయంత్రానికి పోయింది.

"అద్దం కొట్టకూడదు నాన్నా," అంది పాప. ఆ ఒక్క మాటే. గొంతులో విసురు కూడా లేదు. విసురుంటే బాగుండేది.

నేల తుడవడానికి గుడ్డ తెచ్చాను. నా చేతిలోంచి తీసుకుని తనే తుడిచింది. తుడుస్తూ, తల ఎత్తకుండా అంది: "నువ్వు చూసేది చేపల్ని కాదని నాకు మేస్త్రీ వచ్చిన రోజే తెలుసు."

"తెలిసి మరి ఎందుకు ఊరుకున్నావమ్మా?"

"నన్ను చూస్తుంటే నీకు కాస్త నిద్ర పడుతుందేమోనని." గుడ్డను బకెట్లో పిండింది. "నాకే పట్టట్లేదు. అటు తిరిగి పడుకుంటే నాన్న కంగారుపడతాడేమోనని ఇటు తిరుగుతున్నా. కదలకుండా పడుకుంటే భయపడతాడని మధ్యమధ్యలో కదులుతున్నా. చదవకపోయినా పేజీలు తిప్పుతున్నా."

నేను వల మూత తీసి ట్యాంకు మీద బిగించాను.

"నలుపు పెట్టేద్దాం. చేపల్ని చూడాలనిపిస్తే నేనే హాల్లోకి వస్తా."

ఆలోచిద్దాం అన్నాను. ఇంత జరిగాక కూడా నా నోటికి వచ్చింది ఆ మాటే.

జూలై 13

మా ఆవిడకి చెప్పాను. బట్టలు మడతపెడుతూ విన్నది.

"బడిలో చిన్నపిల్లలుంటారు చూడండి, నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నంతసేపూ నోటి మీద వేలేసుకుని బుద్ధిమంతుల్లా కూర్చుంటారు. అందులో ఎవడికి కడుపునొప్పో, ఎవడు ఏడుపు దిగమింగుకుంటున్నాడో నాకేం తెలుస్తుంది? దగ్గర కూర్చుని ఏరా అంటేనే గదా చెప్పేది."

"నీకు భయం లేదా?" అన్నాను.

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "ఎందుకండీ అలా మాట్లాడతారు? బడిలో గంట కొడితే చాలు, ఫోను చూసుకుంటాను. నా భయం కనబడదని నాకు లేదనుకుంటున్నారా?"

ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు బట్టలు మడతపెట్టాం. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టానని తర్వాత తెలిసింది.

జూలై 17

పాపని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళే రోజు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నాక, పాపకి చెప్పే నేను లోపలికి వెళ్ళాను. ట్యాంకు సంగతి, గోడ సంగతి, దొరసాని సంగతి అంతా చెప్పి, అడ్డు పెట్టమంటారా వద్దంటారా అని అడిగాను.

"అది మీరూ మీ అమ్మాయీ తేల్చుకోండి," అంది డాక్టరమ్మ. "ఆమె నాకు చెప్పేది చెబుతోంది, మందులు వేసుకుంటోంది. గడియ మాత్రం ఇంకొన్నాళ్ళు వద్దు. మందులు మీ దగ్గరే ఉండనివ్వండి. అవి నేను చెప్పేవి. అది కాదు గానీ, మీరెప్పుడన్నా ఆమెని అడిగారా?"

"ఏమని?"

"మళ్ళీ చచ్చిపోవాలనిపిస్తోందా అని."

ఆ మాట గదిలో అంత మామూలుగా వినబడేసరికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

"అడిగితే గుర్తుచేసినట్టవదా డాక్టర్ గారూ? లేనిపోనిది నేనే పుట్టించినట్టు..."

"మర్చిపోయి ఉంటుందంటారా? అడిగితే పుట్టదండీ. అడిగితే, చెప్పుకోడానికి ఒకళ్ళున్నారని తెలుస్తుంది. ఉందని చెబితే కంగారుపడకండి, తిట్టకండి, ఉపన్యాసం ఇవ్వకండి. పక్కన ఉండండి. గట్టిగా ఉందంటే ఒంటరిగా వదలకండి, వెంటనే నాకు ఫోన్ చేయండి. ఏ వేళైనా సరే."

బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది. అడగలేదు. బస్సులో ఎలా అడుగుతాం? ఇంటికొచ్చాక మా ఆవిడ వంట మొదలుపెట్టింది, అప్పుడూ కుదరలేదు.

జూలై 20

అడగలేదు.

జూలై 26

నల్ల రంగు తెచ్చాను. షీటు కాదు, రంగే. అద్దం బయటి వైపు వేసేది, వాసన లేనిది. షీటయితే ఎప్పుడైనా పీకేయొచ్చు, అందుకే రంగు తెమ్మంది పాప.

మా ఆవిడకి బడి సెలవు, నేను దుకాణం తీయలేదు గనక ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. ఆవిడ మంచం పక్కకి జరిపి పాత పేపర్లు పరిచింది. పాప గది వైపు నుంచి అద్దాన్ని శుభ్రంగా తుడిచి, అంచులకి టేపు అంటించి, రోలరు ముంచింది. నా పని హాల్లో నిలబడి, ఎక్కడెక్కడ పల్చగా ఉండి వెలుతురు వస్తోందో చెప్పడం.

మొదటి పట్టీ పై నుంచి కిందికి వచ్చింది. నారింజ జంట రాయి చాటుకి పోయింది. రెండో పట్టీకి పాప భుజం పోయింది. మూడో దానికి ముఖంలో సగం. మిగిలిన సగం నా వైపు చూసి, "బాగా వస్తోందా నాన్నా?" అని నవ్వింది. నవ్వుకి జవాబు చెప్పేలోపే రోలరు దాని మీదుగా దిగింది.

ఆరనిచ్చి రెండో పూత వేశారు. అద్దం అవతల నుంచి తల్లీకూతుళ్ళ మాటలు వినబడుతున్నాయి. ఆవిడ ముక్కుకి రంగు అంటిందట, పాప దాన్ని ఇంకాస్త పులిమిందట.

"పైన కుడి పక్క," అన్నాను. పూసింది. "మధ్యలో ఒక గీత." పూసింది. "ఇంకా?" అంది.

కింద మూల బొటనవేలంత చోటు మిగిలింది. అందులోంచి గది వెలుతురు కనబడుతోంది.

"ఇంకేం లేదు, అయిపోయింది," అన్నాను.

నిజంగా అప్పుడు సరిగ్గా కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకోవాల్సింది.

జూలై 27

దుకాణదారు అన్నట్టు రంగులు లేచొచ్చాయి. పగడాలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. నారింజ జంట ట్యాంకంతా తిరుగుతోంది. పాప పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకొచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని చూసింది. కాఫీ అయ్యేదాకా కూర్చుంది.

తను లేచి లోపలికెళ్ళాక నేను నేల మీదికి వంగాను. ఆ మూలలోంచి మంచం కోడు కనిపిస్తుంది. పాప మంచం మీద కాళ్ళు వేలాడేసుకుంటే మడమ కనిపిస్తుంది.

జూలై 29

మడమ కనిపించింది.

జూలై 31

సాయంత్రం నేల మీద కూర్చుని ఆ మూలలోంచి చూస్తున్నాను. మడమ లేదు. కోడు ఒక్కటే. చాలాసేపు చూశాను. మోకాళ్ళు పట్టేశాయి. కూతురు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంత పెద్దమనిషిని నేల మీద చతికిలబడి మంచం కోడు వైపు చూస్తున్నాను. నాకే నవ్వొచ్చింది. నవ్వు పూర్తిగా రాకుండానే ఏడుపయింది.

లేచి ముఖం కడుక్కుని తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాను.

"గడియ లేదుగా నాన్నా, తోసుకుని రా."

"నువ్వు రమ్మంటేనే వస్తా."

లోపల కుర్చీ కదిలిన చప్పుడయింది. "రా," అంది.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం వాడిపోయి ఉంది. నేను మంచం చివర కూర్చున్నాను. రంగు సంగతి ముందు చెప్పేశాను. కింద మూల ఒక చోటు మిగిలిపోయిందని, ఆరోజే కనబడిందని, చెప్పలేదని, అందులోంచి చూస్తున్నానని.

"ఏం కనిపిస్తుంది?" అంది.

"నీ మడమ."

పెదవి కొసన కాస్త నవ్వింది.

ఇక అడగకపోతే మళ్ళీ ఎప్పటికీ అడగలేనని తెలిసింది. "పాపా, ఒకటి అడుగుతా. చచ్చిపోవాలన్న ఆలోచన... మళ్ళీ వస్తోందా అమ్మా?"

పాప నా ముఖంలోకి చూసింది. కిటికీలోంచి ఎవరిదో స్కూటరు స్టార్టవక మొరాయిస్తున్న చప్పుడు వస్తోంది. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం. ఎక్కువసేపు లేదు."

నా లోపల ఏమైందో రాయలేను. బయటికి మాత్రం అక్కడే కూర్చుని ఉన్నాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. నీకేం తక్కువ చేశామన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

"ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు అంతగా లేదు. నువ్వు తలుపు కొట్టేటప్పటికి తగ్గుతోంది. ఉంటే చెబుతా."

"డాక్టరమ్మకి చెబుదామా?"

"రేపు ఫోన్ చేసి చెప్తా అనుకున్నా. ఇప్పుడే చేస్తే నీకు బాగుంటుందంటే చేద్దాం."

"చేద్దాం," అన్నాను. చేశాం. పాప మంచం మీదికి వచ్చి నా పక్కన కూర్చుని తనే మాట్లాడింది. వారం ఆగకుండా రేపే రమ్మంది డాక్టరమ్మ.

ఫోన్ పెట్టేశాక పాప నా భుజానికి తల ఆనించింది. చిన్నప్పుడు బస్సులో నిద్రపోయినట్టు బరువంతా వదిలేసింది. "అమ్మకి నేనే చెప్తా," అంది. "నాన్నా, నువ్వు అడుగుతావని నేననుకోలేదు."

"నేనూ అనుకోలేదు."

"రోజూ అడగొద్దు, విసుగొస్తుంది. భయమేసినప్పుడు అడుగు. నాకు అనిపించినప్పుడు నేనే చెప్తా."

మా ఆవిడ ఇంటికొచ్చి, ఇద్దరం ఒకచోట కూర్చుని ఉండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పాప, "రా అమ్మా, కూర్చో," అంది. నేను లేచి వాళ్ళకి చోటిచ్చి, రంగు డబ్బా వెతికి, ఆ మూల పూసి వచ్చాను.

ఆగస్టు 1

డాక్టరమ్మ మందు మార్చింది. మధ్యాహ్నాలు కొన్నాళ్ళు ఒంటరిగా ఉండకపోతే మంచిదంది. పాప నా దుకాణానికి వస్తానంది. ఇవాళే వచ్చి, జనాన్ని కూర్చోబెట్టి అద్దాలు మార్చే పని చేసింది. నాకంటే ఓపిగ్గా అడుగుతుంది.

ఆగస్టు 19

పాప తన ఈడు స్నేహితురాలి ఇంటికి వెళ్తానంది. సాయంత్రానికి వస్తానంది. చెప్పులు వేసుకుంటుంటే భయమేసింది.

అడిగాను. లేదంది. గుమ్మం దాకా వెళ్ళి పంపించి, దుకాణం తీశాను.